రెండు పచ్చ లైట్లు

త్రిమూర్తులు లైట్లని లైటుగా తీసుకునే రకం కాదు. ఇరవై రెండేళ్ళుగా వాటిమీదే బతుకుతున్నాడు. పెట్టె ఏదైనా సరే, దాని నెత్తిన మిణుకుమనే చుక్కల్ని చూసి లోపలి జబ్బు చెప్పేస్తాడు, నాటువైద్యం చేసే ఆచారిగారు నాలుక చూసి కడుపు సంగతి చెప్పినట్టు. అలాంటి మనిషి ముప్పై ఎనిమిది రోజులుగా ఒక ఎర్రలైటుని చూసి చూసి, తానే ఎర్రిమొహం వేసుకుని కూర్చున్నాడు.

ఆ లైటున్న పెట్టె పేరు వెన్నువారధి. దాన్ని ఒంటిమీద మోస్తున్న మనిషి పేరు గాదగోని ఆగయ్య. భువనగిరి అవతల ఒక ఊళ్ళో కల్లు గీసేవాడు. ఆ వైపు తాటిచెట్టుని తాడు అంటారు. ఇరవై ఎనిమిదేళ్ళు, రోజుకి ముప్పై తాళ్ళు, నడుముకో తాడు చుట్టుకుని ఎక్కి దిగాడు. పద్నాలుగు నెలల కిందట ఒక వానాకాలపు పొద్దున నడుముతాడు జారింది, చెట్టుతాడు చెయ్యి వదిలేసింది. వెన్ను విరిగింది. కల్లు తీసే మనిషికి కాళ్ళు పోయి కళ్ళు మిగిలాయి. ఏ ముహూర్తాన పెట్టారో గానీ ఆ పేరు, ఆగయ్య నిజంగానే ఆగిపోయాడు.

హైదరాబాదు పొలిమేరలో ఉన్న ఈ పరిశోధనశాలకి అతన్ని తీసుకొచ్చింది త్రిమూర్తులే. మంచం పక్కన కూర్చుని, అగ్గిపెట్టెలంత రెండు పెట్టెలు చూపించి, తన గోదావరి యాసలో వివరించాడు.

"మెదడు కాళ్ళకి కబురు పంపుతాది కదండీ. అది విరిగినచోట ఆగిపోతందండి. ఈ పై పెట్టె మీ వీపు మీద కూర్చుని ఆ కబురు అందుకుంటాదండి. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒకదాని ఎనకాల ఒకటి, చీమలబారులాగ, తీగలోంచి కింది పెట్టెకి పంపుద్ది. అది మళ్ళీ ముక్కలు అతికించి కాళ్ళకి చెబుద్ది. దీన్ని సీరియల్ పద్ధతి అంటారండి, ఆయ్."

"సీరియలా?" అంది ఆగయ్య పెళ్ళాం నీలమ్మ, చీపురు పక్కన పెడుతూ. "అయితే ఇగ ఇప్పట్ల అయిపోయేది గాదు."

ఆ మాటకి ముగ్గురూ నవ్వారు. నవ్వు అయిపోయాక త్రిమూర్తులు అసలు సంగతి చెప్పాడు. తీగ మొనలు నాటాలంటే విరిగినచోట మిగిలి ఉన్న నాలుగు పోగుల్ని కూడా తెంచాలి. ఆ నాలుగు పోగుల పుణ్యాన ఆగయ్య కుడికాలి బొటనవేలు కాస్త కదిలేది, గిల్లితే తెలిసేది. చెట్టు మీంచి పడ్డాక అతనికి మిగిలిన ఆస్తి అదొక్కటే.

ఆగయ్య ఆ వేలుని చాలాసేపు ఆడించి చూసుకున్నాడు.

"తీస్కో సారూ," అన్నాడు. "ఒక్క ఏలుతోని నేనేం ఏలుత?"

అలా వెన్నుదన్నుగా ఉంటానని వచ్చినవాడు ముందు వెన్నుపోటు పొడిచాడు. డాక్టర్ నుస్రత్ కత్తి పట్టింది, త్రిమూర్తులు పెట్టెలు బిగించాడు. బొటనవేలు పోయింది. కాళ్ళు రాలేదు.

* * *

పై పెట్టె మీద రెండు పచ్చలైట్లు, ఎడమకాలికొకటి, కుడికాలికొకటి. కబురు బయల్దేరితే వెలుగుతాయి. కింది పెట్టె మీద రెండు పసుపులైట్లు, కబురు అందితే వెలుగుతాయి. కబురు సరిగ్గా అందాకే పాదాల నుంచి జవాబు పైకి రావడానికి దారి తెరుచుకుంటుంది. అప్పుడు నీలంలైటు. ఇవి కాక ఒక ఎర్రది. "ఈ కబురు నమ్మను, పారేస్తున్నాను" అని పెట్టె చెప్పే మాట అది.

ముప్పై ఎనిమిదో రోజున కూడా త్రిమూర్తులు పాత పూజే మొదలుపెట్టాడు. కింది పెట్టెని పక్కన పెట్టి, పై పెట్టె బయటికి పంపే తీగని దాని లోపలికి వచ్చే రంధ్రంలోనే గుచ్చాడు. తన మాట తనకే వినబడుతోందో లేదో చూసే పరీక్ష. వినబడింది. తీగ మళ్ళీ కింది పెట్టెకి తగిలించి, రెండు పెట్టెలూ ఒకే వేగంతో మాట్లాడుకుంటున్నాయో లేదో చూశాడు. మాట్లాడుకుంటున్నాయి. తన కంప్యూటర్లోంచి ఒక ఉత్తుత్తి కబురు పంపాడు. పచ్చ, పసుపు, ఆగయ్య ఎడమ పిక్క టక్కున అదిరింది. అన్నీ బావున్నాయి.

"ఇప్పుడు మీరండీ, ఆగయ్య గారూ. ఎడమకాలు ఎత్తండి."

ఆగయ్య కళ్ళు మూసుకుని "తల్లీ ఎల్లమ్మా" అని గొణిగాడు. రెండు చేతులూ ముందుకి చాచి, వీపు వెనక్కి వాల్చాడు.

"అలా ఎనక్కి పడిపోకండీ, ముందుకి వంగండి," అన్నాడు త్రిమూర్తులు, ముప్పై ఎనిమిదోసారి.

ఎర్రలైటు. కంప్యూటర్ మీద ముప్పై ఎనిమిది రోజుల పాత కబురు: ప్రతిధ్వని, పారేశాను.

ప్రతిధ్వని అంటే ఒక తీగలో పోయే కబురు పక్క తీగలోకి కారడం. ఎడమకాలి మాట కుడికాలికి కూడా వినబడితే మనిషి బోర్లా పడతాడు. అందుకని ఒకే కబురు రెండు తీగల్లోనూ కనబడితే నమ్మవద్దని పెట్టెకి నేర్పారు. ఇప్పటికి నాలుగుసార్లు తీగలు మార్చాడు త్రిమూర్తులు. చెమ్మ చేరిందేమోనని ఆరబెట్టాడు, పూత వేశాడు, పూజ కూడా చేశాడు. పెట్టె ప్రతిదీ ప్రతిధ్వనే అంటోంది.

నుస్రత్ అతన్ని వరండాలోకి పిలిచింది.

"చూడు త్రిమూర్తీ. నలభై రోజులు దాటితే తీగ మొనల చుట్టూ మచ్చ కండ పెరిగిపోతుంది. వాడుతుంటే నిలుస్తాయి, వాడకపోతే మూసుకుపోతాయి. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి నేను ఆ పెట్టెలు బయటికి తీసేయాలి. అక్కడ రెండోసారి నాటడానికి ఇక చోటు లేదు."

"ఎల్లుండి దాకా ఉంది కదండీ."

"నాకు కాదు చెప్పేది. అతనికి చెప్పు. వేలు అడిగింది నువ్వే."

* * *

సాయంత్రం త్రిమూర్తులు వాళ్ళ గదికి వెళ్ళేసరికి నీలమ్మ స్టవ్ మీద మక్కజొన్న రొట్టె కాలుస్తోంది. గదికి తలుపు దగ్గరే వాళ్ళ పరుపుచుట్ట, దానికి బిగించి కట్టిన లావుపాటి తాడు. ఆగయ్య చక్రాల కుర్చీలో కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. కిటికీ అవతల కరెంటు స్తంభం తప్ప ఏమీ లేదు. ఆ స్తంభాన్నే కింది నుంచి పైదాకా చూస్తున్నాడు.

"రా సారూ, రొట్టె తిను," అంది నీలమ్మ.

త్రిమూర్తులు తిన్నాడు. రెండు తిన్నాడు. మూడోది చేతిలోకి తీసుకున్నాక చెప్పాడు, ఎల్లుండి తొమ్మిది గంటల సంగతి.

ఆగయ్య తల తిప్పలేదు. "రేపే తియ్యమను. ఎల్లుండి దాక ఎందుకు?"

"అలా అనకండీ..."

"నీ మీద కోపం లేదు సారూ. చెట్టు మీంచి పడ్డోడు చెట్టును తిడ్తడా? గాని ఒక్కటి చెప్త విను. పొద్దుగాల లేవంగనే ఆ ఏలు ఆడిచ్చుకునేటోణ్ణి. అది ఆడితే ఆ దినం నేనున్న అని తెలుస్తుండె. ఇప్పుడు పొద్దున లేస్తే, ఉన్ననో లేనో అని దీన్ని అడుగుతున్న." నీలమ్మని చూపించాడు.

"ఉన్నవ్ తియ్యి," అంది నీలమ్మ రొట్టె తిప్పుతూ. "రొట్టెలు అయిపోతనే ఉన్నయ్."

త్రిమూర్తులు మూడో రొట్టె అక్కడే పెట్టేసి లేచాడు. కాలం కలిసిరాకపోతే కాలు కదలదు అని తనలో తను అనుకున్నాడు. ఎప్పుడూ ఇలాంటి మాట తట్టగానే ఎవరికో ఒకరికి చెప్పి నవ్వేవాడు. ఇవాళ చెప్పాలనిపించలేదు.

గుమ్మం దాకా నీలమ్మ వచ్చింది.

"సారూ, నాకొకటి సమజ్ గాలే. నువ్వు ఎడమకాలు ఎత్తు అంటవ్. ఆయన రెండు కాళ్ళు ఎత్తుతుండు. నువ్వు మల్ల తప్పంటవ్. ఎందుకట్ల?"

"రెండు కాళ్ళా? ఒక్కటీ ఎత్తలేదు కదండీ."

"కాళ్ళు లేవలే. లైట్లు లేచినయ్. నేను ఎనక కూసుంట కదా, ఈపు పట్టుకొని. పచ్చయి రెండు ఒక్కసారే కొడ్తయ్. పద్నాలుగు నెలల కింద ఆయన కాళ్ళు కొట్టినట్టు."

"అది ప్రతిధ్వనండీ. ఒకటి నిజం, రెండోది దాని నీడ."

నీలమ్మ అతన్ని జాలిగా చూసింది. "సారూ, నీ పెట్టె సంగతి నాకు దెల్వదు. ఆయన చెట్టెక్కుతుంటే కింద నిలబడి ఇరవై ఏండ్లు ఆ పాదాలే చూసిన. కాళ్ళకు గుజి ఏసుకుంటరు, రెండు పాదాలు కలిపి పట్టే తాడు. ఎక్కేటోడికి ఎడమ లేదు, కుడి లేదు. రెండు కాళ్ళు ఒక్కతీరుగ లేస్తయ్, ఒక్కతీరుగ తొక్కుతయ్. ఒకటి ముందు, ఒకటి ఎనక అయితే మనిషి కిందుంటడు. నువ్వు కాలెత్తు అనంగనే ఆయన ఎల్లమ్మను తల్సుకొని, నడుము మోకుల ఒరిగినట్టు ఎనక్కి ఒరుగుతుండు. నడుస్తలేడు సారూ. ఎక్కుతుండు."

త్రిమూర్తులు చెప్పులు వేసుకోకుండానే ప్రయోగశాల వైపు పరిగెత్తాడు.

* * *

మర్నాడు పొద్దున ఏడింటికే అందరినీ పోగేశాడు. కుర్చీని వెనక్కి తిప్పి, ఆగయ్య వీపు ఎదురుగా తన ఫోన్ నిలబెట్టాడు. క్రికెట్లో బంతి బ్యాటుకి తగిలిందో లేదో చూసేటప్పటిలా, ఒక్క సెకన్ని వందల ముక్కలుగా చేసి చూపించే పద్ధతిలో పెట్టాడు.

"ఎడమకాలు ఎత్తండి, ఆగయ్య గారూ. మీ ఇష్టం వచ్చినట్టు ఎత్తండి. ఎనక్కి వాలండి, ఎల్లమ్మని తలుచుకోండి, నన్ను తిట్టుకోండి."

"ఈ ఒక్క మాట ముందే చెప్తే అయిపోవు గద," అన్నాడు ఆగయ్య. వెనక్కి వాలాడు.

ఎర్రలైటు వెలిగింది. త్రిమూర్తులు దాని మొహం కూడా చూడలేదు. ఫోన్లో బొమ్మని ముక్క ముక్కగా జరిపాడు. నీడ ఎప్పుడూ మనిషి కంటే మసగ్గా ఉంటుంది, ప్రతిధ్వని మాట కంటే వెనక వస్తుంది. కారిన కబురైతే రెండో పచ్చలైటు ఒక ముక్క ఆలస్యంగా, సగం వెలుగుతో వెలగాలి. ఇక్కడ ఒకే ముక్కలో రెండూ వెలిగాయి. ఒకే వెలుగు, ఒకే ఆరడం, కవలపిల్లల్లాగ.

"నుస్రత్ గారూ," అన్నాడు ఫోన్ ఆమె ముందు పెట్టి, "ఇది ప్రతిధ్వని కాదండీ. రెండు కబుర్లూ నిజమే. ఈయన మొదటి రోజు నుంచీ సరిగ్గానే పంపుతున్నాడు. మన పెట్టే చెత్తబుట్టలో పారేస్తంది."

"ఆ నియమం ఎవరు రాశారు?" అంది నుస్రత్.

త్రిమూర్తులు గదిలో ఉన్న ముగ్గురినీ చూసి, చివరికి ఆగయ్య ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. "నేనేనండీ. రెండువందల మందిని నడిపించి చూసి రాశాను. అందరూ మా ఆఫీసు మనుషులే. కుర్చీలోంచి క్యాంటీన్ దాకా, క్యాంటీన్లోంచి కుర్చీ దాకా. ఒక్కడికీ రెండుకాళ్ళు ఒకేసారి లేచే పని లేదు. చెట్టెక్కే మనిషిని ఒక్కణ్ణయినా చూడాలని నాకు తోచలేదండీ. ముప్పై ఎనిమిది రోజులు మీరు ఎక్కుతుంటే, నేను కిందికి లాగాను."

ఆగయ్య అతన్ని కిందికీ పైకీ చూశాడు. "మా ఊళ్ళె ఇట్లాంటోణ్ణి ఏమంటరో ఇప్పుడు చెప్పను సారూ. ఆడోళ్ళున్నరు. ముందు దాన్ని తియ్యి."

"ఆగు," అంది నుస్రత్. "ఆ కాపలా తీసేశాక నిజమైన ప్రతిధ్వని వచ్చిందనుకో. కబురు కిందికీ పైకీ తిరుగుతూ పెరిగిపోతుంది. తీగ మొనలు కాలిపోతాయి. పై మొనలు చేతుల నరాలకి ఎంత దగ్గరో తెలుసు కదా. ఆగయ్యా, చేతులు కూడా పోవచ్చు. అర్థమవుతుందా? ఈ చేతులు."

ఆగయ్య చేతులు చూసుకున్నాడు. చెట్టుబెరడు రుద్ది రుద్ది తాటిబెరడులాగే అయిన అరచేతులు. తరవాత పెళ్ళాం మొహం చూశాడు.

"నువ్వేమంటవే?"

నీలమ్మ కొంగుతో అతని మెడ మీద చెమట తుడిచింది. "చేతులు పోతే నేను తినిపిస్త," అంది. "గాని ఆ కిటికీల స్తంభాన్ని నువ్వట్ల చూసుడు నేను చూడలేను."

త్రిమూర్తులు కంప్యూటర్లో ఆ నియమం ఉన్న నాలుగు వరుసలూ చెరిపేసి, ఎర్రలైటుని హెచ్చరికకి మాత్రం ఉంచాడు. నుస్రత్ విద్యుత్తు తెంచే మీట పట్టుకుంది. ఎర్రది మూడు సెకన్లు నిలబడితే నొక్కేస్తానంది.

"కానివ్వండి."

రెండు పచ్చలు. రెండు పసుపులు! కానీ మసగ్గా, తడిసిన అగ్గిపుల్లల్లాగ. పాదాలు రెండూ ఒక్క అంగుళం జరిగి ఆగిపోయాయి. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంగుళమే.

"కుర్చీల కూసొని చెట్టెట్ల ఎక్కుత?" విసుక్కున్నాడు ఆగయ్య. "చెయ్యికి మోకు లేదు, ముంగట చెట్టు లేదు. ఒళ్ళు నమ్ముతలేదు సారూ. అబద్ధమాడుతున్నవని దానికి తెలుస్తది."

నీలమ్మ అప్పటికే గదికి పరిగెత్తింది. పరుపుచుట్టకి కట్టిన లావుపాటి తాడు విప్పుకుని వచ్చింది. అది మోకు, నడుముతాడు. "ఆడ వరండాల సిమెంటు స్తంభాలున్నయి," అంది. "ఒకటి తాడుచెట్టంత లావుంది. నేను వచ్చిన్నాడే చూసిన."

నుస్రత్ వద్దనబోయి, రేపు తొమ్మిదింటి సంగతి గుర్తొచ్చి, ఊరుకుంది. కండలకి రోజూ కరెంటు కసరత్తు చేయించారు కాబట్టి అవి ఇంకా కండలే. బెంగంతా కబురు గురించే.

స్తంభం గుండ్రంగా, గరుగ్గా ఉంది. ముగ్గురూ కలిసి ఆగయ్యని నిలబెట్టారు. నీలమ్మ మోకు స్తంభం చుట్టూ తిప్పి నడుముకి బిగించింది, పాదాలకి చీరచెంగు చింపి గుజి కట్టింది. ముడి వేసేటప్పుడు ఆమె వేళ్ళు ఎవరినీ ఏమీ అడగలేదు. ఆగయ్య మోకులో వెనక్కి ఒరిగాడు. తాడు బిగిసింది. అతని మొహంలో ఏదో సర్దుకుంది, చాలా రోజులకి సొంత మంచం మీద పడుకున్న మనిషికి సర్దుకున్నట్టు.

స్తంభాన్ని తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. "తల్లీ ఎల్లమ్మా."

పచ్చలు రెండూ భగ్గున వెలిగాయి. ఆ వెంటే పసుపులు, అచ్చం పచ్చలంత వెలుగుతో. రెండు పాదాలూ కలిసి లేచి స్తంభాన్ని కరుచుకున్నాయి. ఎర్రది మిణుక్కుమంది. నుస్రత్ వేలు మీట మీద బిగిసింది. ఒకటి... రెండు... ఎర్రది ఆరిపోయింది.

అప్పుడు వెలిగింది నీలం.

"అమ్మా!" అని కేక పెట్టాడు ఆగయ్య. "మంట! సారూ, పాదాల్ల మంట! స్తంభం కొరుకుతుంది!"

"నొప్పిగా ఉందాండీ?" అన్నాడు త్రిమూర్తులు ఏడుస్తూ.

"నొప్పా? ప్రాణం పోతుంది!" అన్నాడు ఆగయ్య ఇంత మొహం చేసుకుని నవ్వుతూ. "రెండు కాళ్ళు నొస్తున్నయి! నీలా, రెండూ నొస్తున్నయే!"

"దింపుదాం, ఇక చాలు," అంది నుస్రత్.

ఎవరు వింటారు. చేతులు మోకుని ఒక్క విసురు పైకి విసిరాయి. పచ్చ, పసుపు, పాదాలు. మళ్ళీ విసురు. లైట్లు కూడా ఇప్పుడు అతని ఊపిరితో తాళం వేస్తున్నాయి. రెండు కాళ్ళూ కలిసొచ్చాక కాలం కలిసిరాక చస్తుందా! త్రిమూర్తులు ఆ మాట పైకే అరిచాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ తలలు పైకెత్తి నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

నీలమ్మ స్తంభం మొదట్లో నిలబడి, కొంగు పిడికిట్లో నలుపుతూ, ఆ పాదాలనే చూస్తోంది. పద్నాలుగు నెలల్లో రొట్టె మాడినా, ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేసినా, చేతులు పోతాయన్నా కూడా వణకని మనిషి, ఇప్పుడు నిలువెల్లా వణికిపోతోంది.

"మెల్లగ! ఓరి నీ... మెల్లగ ఎక్కు! ఎన్నిసార్లు చెప్పాలె నీకు, మోకు చూసుకో అని! పడ్డవంటే నేనే చంపుత!"

తిడుతోంది, ఏడుస్తోంది, ముక్కు చీదుకుని మళ్ళీ తిడుతోంది. ఆ తిట్లలో ఎక్కడా దిగమన్న మాట లేదు.

మనిషి ఎత్తు దాటాక టక్కుమని చప్పుడైంది. నుస్రత్ ఉలిక్కిపడి మీట వైపు చెయ్యి జాపింది. పైనుంచి సున్నం పెచ్చు ఒకటి రాలి త్రిమూర్తులు నెత్తిన పడింది.

స్లాబుకి తల ఆనించి, ఒక చేత్తో మాడు రుద్దుకుంటూ, ఆగయ్య కిందికి చూశాడు.

"సారూ! ఈ చెట్టు అయిపోయింది," అన్నాడు. "ఇంకో చెట్టు చూపెట్టు."